బ్యాంకులో ఉన్న సొమ్మంతా సంస్థది కాదు

ప్రశ్న: మాది పలాస. మా అమ్మాయి బీకాం పూర్తి చేసింది. శ్రీకాకుళంలోని ఒక స్వచ్ఛంద సంస్థ ఆమెను అకౌంటెంటుగా తీసుకుంటామంటోంది. బ్యాంకులో 80 లక్షలు ఉన్నాయని, జీతానికి ఢోకా లేదని చెబుతున్నారు. నమ్మి చేర్పించవచ్చునా?

జవాబు: ఆ 80 లక్షల్లో సంస్థ తన అవసరానికి స్వేచ్ఛగా వాడుకోగలిగింది ఎంతో ముందు అడగండి. బడిలో మరుగుదొడ్లు కట్టించమని దాత ఇచ్చిన సొమ్ము ఆ పనికే చెందుతుంది. మూలనిధి అయితే సాధారణంగా వడ్డీయే తప్ప అసలు ముట్టుకోరు. అలా ఫలానా పనికని వచ్చిన గ్రాంట్లు 50 లక్షలు, మూలనిధి 18 లక్షలు అనుకుందాం. అప్పుడు మిగిలేవి 12 లక్షలే. నెల ఖర్చు 4 లక్షలైతే, కొత్త గ్రాంటు రాకపోయిన పక్షంలో అవి 3 నెలలకే సరిపోతాయి. ఆరు నెలలకు సరిపడా ఉంటే నేను ధైర్యంగా చేరమంటాను.

ఒక్క ఏడాది లెక్కను బట్టి నిర్ణయించకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటింది. అటువంటి విపత్తు వచ్చిన ఏడాది విరాళాలు ఒక్కసారిగా అందుతాయి, మార్చి 31 నాటికి ఖర్చు కాని సొమ్ము బ్యాలెన్స్ షీటులో పెద్ద నిల్వగా కనిపిస్తుంది, పునరావాస పనులు ముగిసేసరికి అదంతా కరిగిపోతుంది. కనుక ఐదేళ్ల ఆడిట్ నివేదికలను వరుసగా పెట్టి, స్వేచ్ఛగా వాడుకోగల మిగులు ఎటు నడుస్తోందో చూడండి. అది నెమ్మదిగా పెరుగుతోందని చిన్నచూపు చూడవద్దు. ఆదాయపు పన్ను మినహాయింపు నిలవాలంటే ఏడాది ఆదాయంలో 85 శాతాన్ని సంస్థ ఆశయాలకే వెచ్చించాలి, ప్రత్యేక ప్రకటన ఏదీ ఇవ్వకుండా వెనకేసుకోగలిగింది 15 శాతమే.

సంస్థకు విదేశీ విరాళాలు వస్తున్నట్లయితే మరొక సంగతి తెలుసుకోవాలి. అందులో పరిపాలన ఖర్చుల పరిమితిని 2020 నాటి చట్ట సవరణ 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది, లెక్కల నిర్వహణ ఖర్చు కూడా ఆ పద్దులోకే వస్తుంది. అందుచేత మీ అమ్మాయి జీతం ఏ పద్దు నుంచి, ఏ తేదీ వరకు మంజూరైందో తప్పక అడగాలి. వచ్చే మార్చితో ముగిసే ప్రాజెక్టు నుంచే అయితే, ఆ తరువాత ఏం చేస్తారో నియామక పత్రంలో రాయించుకోండి.

నివేదికలు చూపడానికే వెనకాడే సంస్థకు మాత్రం అమ్మాయిని పంపవద్దు. చూపించి, అడిగినదానికి ఓపికగా బదులిచ్చే చోటైతే, జీతం కొంత తక్కువైనా నిస్సంకోచంగా చేర్పించండి. దాతవారీగా ఖాతాలు రాయడం, ఇచ్చిన సొమ్ము దేనికి ఖర్చయిందో దాతకు తెలిపే వినియోగ పత్రాలు తయారు చేయడం చేతితో చేస్తేనే వంటబడతాయి. ఆ అనుభవం ఉన్నవారి కోసం ట్రస్టు ఆసుపత్రులు, విద్యాసంస్థలు కూడా వెతుకుతుంటాయి.