సోయా వేరు బుడిపెలు లోపల ఆకుపచ్చగా మారాయి, యూరియా వేయాలా?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా, నల్లరేగడి నేల. సోయా చిక్కుడు వేసి 40 రోజులైంది. వరుస వానలకు పల్లంలో నీళ్లు నిలిచి మొక్కలు పసుపుబారాయి. వేరు బుడిపెలు కోస్తే అక్కడ ఆకుపచ్చగా, మెరక మీద ఎర్రగా ఉన్నాయి. యూరియా చల్లమంటారా? అసలు బుడిపెలోని బ్యాక్టీరియాకు నత్రజని పట్టే పని ఎప్పుడు మొదలుపెట్టాలో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఇప్పుడే నేలకు యూరియా చల్లకండి. ముందు కాలువ తీసి నీళ్లు బయటికి పంపండి. బుడిపెలు కోసి చూడటం చాలా మంచి పని, పైరు సంగతి ఆకు కంటే ముందు అక్కడే తెలుస్తుంది.

గాలిలోని నత్రజనిని పట్టే ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది. అందుకే బుడిపె లోపల ఆక్సిజన్ తగ్గాకే అక్కడి బ్యాక్టీరియా, అంటే రైజోబియం, ఆ పనికి దిగుతుంది. తగ్గిందని పసిగట్టే ప్రొటీన్ పేరు ఫిక్స్‌ఎల్. లూసర్న్ గడ్డి వేళ్లలో ఉండే రైజోబియంలో ఇది హీమ్ అనే చిన్న అణువు ఉన్న ప్రొటీన్ అని 1991లో తేలింది. సోయా రైజోబియంలోనూ ఇది ఉంది. మన రక్తంలో ఉన్నట్టే ఈ హీమ్ మధ్యలోనూ ఇనుము ఉంటుంది. ఆక్సిజన్ లేనప్పుడు హీమ్ మూకుడులా కొద్దిగా వంగి ఉంటుంది. ఆక్సిజన్ వచ్చి ఇనుమును అంటుకోగానే చదునవుతుంది. పక్కనున్న ఆర్జినిన్ (ప్రొటీన్‌లోని ఒక అమైనో ఆమ్లం) ఆక్సిజన్ వైపు జరుగుతుంది. ఆ కదలిక మిగతా ప్రొటీన్‌కు పాకి దాని పని ఆగిపోతుంది. ఆక్సిజన్ విడిపోతే పాత ఆకారం వస్తుంది. అప్పుడు అది ఫిక్స్‌జె అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ అందించి, తక్కువ ఆక్సిజన్‌తో బతుకుతూ నత్రజని పట్టడానికి కావలసిన జన్యువులను పనిలోకి దింపుతుంది.

అయితే ఆక్సిజన్ తక్కువగా ఉండాలే గానీ బొత్తిగా లేకుండా పోకూడదు. నత్రజని పట్టడానికి చాలా శక్తి కావాలి, అది బ్యాక్టీరియా ఊపిరి నుంచే వస్తుంది. మొక్క తయారుచేసే లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రొటీన్ కొద్దికొద్దిగా ఆక్సిజన్ అందిస్తుంది. మీరు చూసిన ఎరుపు దానిదే. నీళ్లు నిలిచి నేలలో గాలి ఆడకపోతే బుడిపె నీరసిస్తుంది, లెగ్‌హీమోగ్లోబిన్ విరిగి ఆకుపచ్చగా మారుతుంది. అలా మారిన బుడిపె తిరిగి కోలుకోదు, కొత్తవి రావాలి. నేలలో నైట్రేట్ ఎక్కువైతే మొక్క కొత్త బుడిపెలు పెట్టడం తగ్గిస్తుంది. నేలలో పడ్డ యూరియా నైట్రేట్‌గా మారుతుంది, చల్లవద్దన్నది ఇందుకే.

నేల పదునుకు రాగానే గుంటక తోలండి. పైరు తేరుకోవడానికి లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద ఒకసారి పిచికారీ చేయండి. లేత ఆకులు మాత్రమే పసుపుబారి ఈనెలు పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. దానికి లీటరుకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టండి. పది రోజుల తర్వాత పల్లంలో నాలుగైదు మొక్కలను మట్టితో సహా తవ్వి తీసి, కొత్త బుడిపెలు కోసి రంగు చూడండి.