ఎగ్జిబిషన్ అంటే ప్రదర్శన కాదమ్మా

చిరంజీవి శిరీషకు,

ఆశీస్సులు. హాబిట్ నవల రాసిన టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్ రోజుల మీద తెలుగులో వ్యాసం రాయబోతున్నావని విని చాలా సంతోషించాను. ఆయన పగళ్లు పాఠాలకు, పరీక్ష పేపర్లకు పోయేవి. కథలకు దక్కింది మిగిలిన వేళలే. నీ వ్యాసంలో ఆ పాళ్లు తలకిందులు కాకుండా చూసుకో.

ముందు ఒక కాగితం మీద ఏడాది, కాలేజీ, హోదా అని మూడు గళ్లు గీసుకో. 1911 అక్టోబరులో ఎక్సెటర్ కాలేజీ, 1915లో డిగ్రీ. యుద్ధం నుంచి వచ్చాక 1919, 20లలో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కొలువు. 1920లో లీడ్స్ యూనివర్సిటీ. 1925లో మళ్లీ ఆక్స్‌ఫర్డ్, ఆంగ్లో-శాక్సన్ ప్రొఫెసరుగా పెంబ్రోక్ కాలేజీలో. 1945 నుంచి మెర్టన్, 1959లో విరమణ. లీడ్స్ గడి వదిలేసి అంతా ఆక్స్‌ఫర్డే అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. 1925 నుంచే "ఇంగ్లీషు ప్రొఫెసరు" అని రాయడం ఇంకొకటి. ఆ పీఠం, అంటే ప్రొఫెసరు పదవి, ఆంగ్లో-శాక్సన్ అనే పాత ఇంగ్లీషుది. ఇంగ్లీషు భాషాసాహిత్యాల పీఠం ఆయనకు 1945లో వచ్చింది, అది మెర్టన్‌కు చెందింది కాబట్టే కాలేజీ మారారు.

ఇక మాటల దగ్గర బాగా జాగ్రత్త పడాలి. ఆయన ఎక్సెటర్‌కు "ఎగ్జిబిషన్" మీద వెళ్లారు. ప్రదర్శన అని రాశావంటే వ్యాసం అక్కడే కూలుతుంది. అది ఏడాదికి 60 పౌండ్ల విద్యార్థివేతనం, స్కాలర్‌షిప్పుకు ఒక మెట్టు కింద. లీడ్స్‌లో మొదటి ఉద్యోగం "రీడర్", అంటే పాఠకుడు కాదు, ప్రొఫెసరు కింది హోదా. "ఫెలో" కాలేజీ సభ్యుడు. ఇలాంటివి అనువదించకుండా తెలుగు లిపిలో ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో విప్పి చెప్పు. ఆయన మిత్రుడు, రచయిత సి.ఎస్. లూయిస్ పనిచేసిన కాలేజీని అక్షరాలు చూసి మాగ్డలెన్ అని రాస్తావేమో, అక్కడివాళ్లు మోడ్లిన్ అంటారు.

1913 సంగతి తొందరగా దాటేయకు. గ్రీకు, లాటిన్ల మొదటి పరీక్షలో రెండో తరగతే వచ్చింది, కానీ తులనాత్మక భాషాశాస్త్రం పేపరు మాత్రం చాలా బాగా రాశారు. కాలేజీవాళ్లు అది గమనించి ఇంగ్లీషు విభాగానికి మారమన్నారు. రెండేళ్లకు మొదటి తరగతి వచ్చింది. ఆయన బతుకు మలుపు తిరిగింది ఇక్కడే, కనీసం ఒక పేరా ఇవ్వు.

నిఘంటువు పని హెన్రీ బ్రాడ్లీ కింద, బ్రాడ్ వీధిలోని పాత ఆష్మోలియన్ భవనంలో. డబ్ల్యూతో మొదలయ్యే మాటలు ఆయన వంతు. వాల్‌రస్ అన్న ఒక్క మాట పుట్టుక తేల్చడానికి మళ్లీ మళ్లీ రాసుకున్నారు. ఊరికే "నిఘంటువులో పనిచేశారు" అంటే చదివేవాళ్లకు ఏమీ కనపడదు. ఆ వాల్‌రస్‌ను తప్పకుండా పెట్టు.

అధ్యాపకుడిగా ఆయన ఎంత కష్టపడ్డారో అంకెలే చెబుతాయి. అప్పటి నిబంధన ప్రకారం ప్రొఫెసరు ఏడాదికి 36 ఉపన్యాసాలో తరగతులో తీసుకుంటే చాలు. పదవిలోకి వచ్చిన రెండో ఏడు ఆయన తీసుకున్నవి 136. మాట గబగబా, నోట్లోనే నానినట్టు ఉండేదన్నది నిజమే. పాత ఇంగ్లీషు కావ్యం బేయోవుల్ఫ్ తొలి మాటను గది అదిరేలా పలికి పాఠం మొదలుపెట్టేవారన్నదీ నిజమే. రెండూ రాయి, ఒకటి దాచకు.

హాబిట్ తొలి వాక్యం, దిద్దుతున్న పరీక్ష పేపరులోని ఖాళీ కాగితం మీద పుట్టిన సంగతి ఎలాగూ రాస్తావు. అది యూనివర్సిటీ విద్యార్థి పేపరు కాదు. వేసవిలో అదనపు రాబడి కోసం దిద్దిన స్కూల్ సర్టిఫికెట్ అనే బడిపిల్లల పరీక్ష పేపరు. అది ఏ ఏడాదో ఆయనకే గుర్తులేదు, కాబట్టి తారీకు వేయకు. అలాగే ఇంక్లింగ్స్ అనే ఆయన మిత్రబృందం మంగళవారం పగలు పబ్బులో కలిసేది, రాతప్రతులు ఎక్కువగా చదువుకున్నది మాత్రం గురువారం రాత్రులు మోడ్లిన్‌లో లూయిస్ గదుల్లో.

ముందు ఆ మూడు గళ్ల కాగితం పంపు. సరిచూశాక మిగతాది మొదలుపెడుదువు.

పెదనాన్న