పాఠకుల ప్రశ్నలు: జింజర్‌బ్రెడ్ చర్చి నిలబడాలంటే

ప్రశ్న: ఏటా క్రిస్మస్‌కు ప్లమ్ కేకు, గులాబీ పువ్వులు, కజ్జికాయలు చేస్తుంటాను. ఈసారి విందు బల్ల మధ్యలో పెట్టడానికి గంట గోపురం ఉన్న చిన్న చర్చిని జింజర్‌బ్రెడ్‌తో (శొంఠి, మసాలాలు కలిపిన బిస్కెట్‌తో) కట్టాలనుకుంటున్నాను. నిరుడు ఒక వీడియో చూసి ఇల్లు కట్టబోతే ఓవెన్‌లోనే ముక్కలు ఉబ్బి అంచులు గుండ్రమయ్యాయి. ఎలాగో అతికించాను కానీ ఒకటి రెండు రోజులకే గోడలు మెత్తబడి కప్పు జారిపోయింది. పొరపాటు ఎక్కడుందో కొలతలతో సహా చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు వాడినది తినే బిస్కెట్ల పిండి అయి ఉంటుంది. అందులో వంటసోడా, వెన్న ధారాళంగా పడతాయి. కొరకగానే విరగడానికి అవి కావాలి కానీ, గోడకు ఆ రెండూ చేటే. సోడా లోపల గాలి బుడగలు పుట్టించి ముక్కను అన్ని వైపులకూ సాగదీస్తుంది. వెన్న ఎక్కువైతే, పిండి గట్టిపడకముందే అది కరిగి అంచులను జారనిస్తుంది. కట్టడానికి కలిపే పిండిలో సోడా అసలు వద్దు, వెన్న తక్కువ చాలు.

మెత్తబడటానికి కారణం వేరు. తేనె, మొలాసిస్ (చెరకు మడ్డి పాకం), బెల్లం వంటి తీపి పదార్థాలు గాలిలోని తేమను లాక్కుంటాయి. పంచదార ఆ పని చాలా తక్కువగా చేస్తుంది. విదేశీ వంటకాల్లో కప్పుల కొద్దీ మొలాసిస్ పోయమంటారు. చలికాలంలో హీటర్లతో గాలి ఎండిపోయే వాళ్ల ఇళ్లలో అది చెల్లుతుంది. మీ ఊళ్లో సముద్రపు గాలికి ఆ లెక్క చెల్లదు కాబట్టి పాకంలో సగానికి పైగా పంచదారతో కాచి, బెల్లాన్ని రంగుకూ వాసనకూ మాత్రమే ఉంచుకోండి.

కొలతలు ఇవి: మైదా 700 గ్రాములు, వెన్న 150, పంచదార 280, బెల్లం 120, నీళ్లు 100 మిల్లీలీటర్లు, శొంఠి పొడి రెండు పెద్ద చెంచాలు, దాల్చినచెక్క పొడి ఒక పెద్ద చెంచా, లవంగాల పొడి అర టీ చెంచా, చిటికెడు ఉప్పు. బెల్లం, పంచదార, నీళ్లు కలిపి కరిగేదాకా కాచి, వడకట్టి, అందులో వెన్న వేసి, గోరువెచ్చన అయ్యాక మైదాలో పోసి పూరీ పిండికన్నా గట్టిగా కలపండి. పగుళ్లు వస్తుంటే నీళ్లు ఒక్కో చెంచా చొప్పున చేర్చండి, అంతేకానీ ఒక్కసారిగా పోయకండి. తడిగుడ్డ కప్పి గంటసేపు పక్కన పెడితే పిండి ముడుచుకునే గుణం తగ్గి, కోసిన ముక్క కోసినట్టే ఉంటుంది.

ముందుగా అట్టముక్కలతో నమూనా కత్తిరించి టేపుతో నిలబెట్టి చూసుకోవడం తప్పనిసరి. పక్క గోడలు రెండు, 15 సెంటీమీటర్ల పొడవు, 10 ఎత్తు. ముందు వెనుక గోడలు 13 వెడల్పు, భుజాల దగ్గర 10, నడినెత్తిన 18 ఎత్తు. ఈ లెక్కకు కప్పు వాలు పదిన్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది కాబట్టి, చూరు కొద్దిగా బయటికి ఉండేలా కప్పు పలకలను 18 పొడవు, 12 వెడల్పున కోయండి. పిండిని నేరుగా బటర్ పేపర్ మీదే ఆరు మిల్లీమీటర్ల మందాన వత్తి, అక్కడే కోసి, చుట్టూ మిగిలినదాన్ని తీసేసి, ముక్క కదలకుండా పేపర్‌తోనే ట్రేలోకి జరపాలి. కోసిన ముక్కను చేత్తో ఎత్తి వేశారంటే, లంబకోణం పోయినట్టే.

175 డిగ్రీల దగ్గర 18 నుంచి 22 నిమిషాలు, అంచులు ముదురు గోధుమరంగు తిరిగేదాకా కాల్చండి. బయటికి తీసిన నిమిషంలోపే, ముక్క ఇంకా మెత్తగా ఉండగా, అట్ట నమూనాను దాని మీద మళ్లీ పెట్టి వాడి కత్తితో అంచులు సరిచేయండి. మొత్తం పనిలో చాలామంది వదిలేసేది ఇదొక్కటే, గోడలు నిలబడతాయా లేదా తేలేదీ ఇక్కడే. చల్లారాక నడిమధ్యన వేలితో నొక్కి చూడండి. లొంగితే 100 డిగ్రీల ఓవెన్‌లో మరో అరగంట ఆరబెట్టండి. ఆ తర్వాత మిగిలిన చిన్న వంకరలను తురుముపీట సన్న వైపున రుద్దితే పోతాయి.

అతికించడానికి తెల్లసొన 60 గ్రాములు, ఐసింగ్ షుగర్ 350 గ్రాములు, అర చెంచా నిమ్మరసం కలిపి, చెంచా ఎత్తితే కొన వంగకుండా నిలిచేంత గట్టిగా గిలకొట్టాలి. గిన్నె మీద ఎప్పుడూ తడిగుడ్డ ఉండాలి, లేకపోతే పై పొర ఎండి, ఐసింగ్‌ను పిండే పైపింగ్ కోన్ మూసుకుపోతుంది. గోడలను అతికించి, లోపలా బయటా స్టీలు గ్లాసులు ఆనించి, రాత్రంతా వదిలేయండి. కప్పు మర్నాడే. నిరుడు మీ కప్పు జారడానికి మెత్తబడ్డ గోడలతో పాటు ఈ తొందర కూడా కారణమై ఉండవచ్చు. మీది తేమ ఊరు కాబట్టి గోడల లోపలి వైపు, కూర్చకముందే, కరిగించిన చాక్లెట్ పలుచగా పూయండి; అందులోని కొవ్వు తేమను అడ్డుకుంటుంది. బయటికి కనిపించదు కనుక చవకరకం కాంపౌండ్ చాక్లెట్ చాలు.

ఇక గంట గోపురం. దాన్ని కప్పు మీద కూర్చోబెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. నాలుగు పలకల బరువు వాలు కప్పు మీద పడితే ఐసింగ్ ఎంత గట్టిదైనా పక్కకు జరుగుతుంది. ఐదు సెంటీమీటర్ల వెడల్పు, 24 ఎత్తున్న నాలుగు పలకలతో గోపురాన్ని విడిగా కట్టి, పీట మీదే పునాది వేసి, ముందు గోడకు ఆనించండి. మన పల్లెల్లో పాత చర్చిల గోపురాలు చాలావరకు అలా నేల నుంచే లేచి ఉంటాయి, కాబట్టి చూపుకూ సహజంగా ఉంటుంది.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాము. చిన్న పిల్లలున్న ఇంట్లో పచ్చి తెల్లసొన వాడవచ్చా? కరిగించిన పంచదారతో అతికిస్తే త్వరగా పట్టుకుంటుందని విన్నాను. కిటికీలకు అద్దాలు ఎలా పెట్టాలి?

జవాబు: పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది కనుక పిల్లల కోసం మెరింగ్ పౌడర్ (ఎండబెట్టిన తెల్లసొన పొడి) వాడండి; మీ దగ్గర సూపర్ మార్కెట్లలోనే దొరుకుతుంది. కరిగిన పంచదార క్షణాల్లో పట్టుకుంటుందన్నది నిజమే. అయితే అది 160 డిగ్రీలు దాటిన పాకం, చర్మానికి అంటుకుంటే వదలదు. పిల్లలు బల్ల చుట్టూ చేరే ఇంట్లో దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. ముక్కలు సరిచేసుకునే అవకాశం కూడా అది ఇవ్వదు.

కిటికీలకు గాజులాంటి గట్టి మిఠాయి బిళ్లలను పొడిచేసి, సగానికి పైగా కాలిన గోడ కిటికీ రంధ్రాల్లో నింపి, మరో నాలుగైదు నిమిషాలు ఓవెన్‌లో ఉంచితే కరిగి పరుచుకుంటాయి. పూర్తిగా చల్లారేదాకా పేపర్ లాగకండి. వెనుక గోడలో చిన్న తలుపు వదిలి, బ్యాటరీ ఎల్ఈడీ దీపాలు లోపల పెట్టండి. కొవ్వొత్తి మాత్రం వద్దు. కాకినాడ పాఠకురాలు ఈ కిటికీలను విడిగా కరిగించి, విందు రోజు ఉదయమే రంధ్రాలకు అతికించుకోవాలి, ఎందుకంటే కరిగించిన మిఠాయి తేమకు చాలా త్వరగా జిగురెక్కుతుంది.

ప్రశ్న: క్రీస్తు జననానికీ, ఈ జింజర్‌బ్రెడ్ ఇంటికీ ఏమైనా సంబంధం ఉందా? – హైదరాబాద్

జవాబు: బైబిలుతో లేదు, జర్మన్ కథతో ఉంది. 1812లో గ్రిమ్ సోదరులు ప్రచురించిన హాన్సెల్, గ్రెటెల్ కథలో మంత్రగత్తె ఇంటి గోడలు రొట్టెవి, కప్పు కేకుది, కిటికీలు పంచదారవి. జర్మన్ ఇళ్లలో ఈ కట్టడాన్ని నేటికీ మంత్రగత్తె ఇల్లు అనే అంటారు. ఈ కథనే హంపర్డింక్ అనే జర్మన్ స్వరకర్త ఒపేరాగా (పాటలతో నడిచే నాటకంగా) మలిచాడు. 1893 డిసెంబరులో జర్మనీలోని వైమార్‌లో తొలిసారి ప్రదర్శించినప్పటి నుంచీ అది క్రిస్మస్ రోజుల ప్రదర్శనగా స్థిరపడింది. జింజర్‌బ్రెడ్ మాత్రం కథకన్నా చాలా పాతది. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో చుట్టుపక్కల అడవుల తేనె, వర్తక మార్గాల వెంట వచ్చే మసాలాలు రెండూ దొరికాయి. 1643లో అక్కడి తయారీదారులకు సొంత సంఘమే ఏర్పడింది. విచిత్రమేమిటంటే, ఆ ఊరి పేరు నిలబెట్టిన ఎలీజెన్ అనే జింజర్‌బ్రెడ్ రకంలో పిండి పదో వంతుకు మించకూడదు, మిగతాది గింజల పొడి, తేనె, పంచదార. తినడానికి అంత రుచైనది కట్టడానికి బొత్తిగా పనికిరాదు. అమెరికా వైట్‌హౌస్‌లో ఈ ఇల్లు పెట్టే ఆనవాయితీ 1969లో, జర్మనీలో పుట్టిన హాన్స్ రాఫర్ట్ అనే వంటవాడితో మొదలైంది. నార్వేలోని బెర్గెన్‌లోనైతే 1991 నుంచి పిల్లలూ పెద్దలూ చేసి తెచ్చిన ఇళ్లతో ఏటా ఒక నగరాన్నే పేరుస్తున్నారు.

ప్రశ్న: కట్టినదాన్ని తర్వాత తినవచ్చా?

జవాబు: వారంలోపు, దుమ్ము పడకుండా మూసి ఉంచితే తినవచ్చు. ఈ పిండి గట్టిది కాబట్టి వేడి కాఫీలో ముంచుకుని తినండి. వారం దాటితే చూడటానికే. చీమల కోసం పీటను నాలుగు చిన్న గిన్నెల మీద నిలిపి, ఆ గిన్నెలను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి. అంచుల మీదుగా వేలాడే అలంకారాలేవీ పళ్లాన్ని గానీ బల్లను గానీ తాకకూడదు, తాకితే ఆ దారినే ఎక్కుతాయి.