ఎంఎస్‌డబ్ల్యూ చేయాలంటే ఫీజు కన్నా ముందు ఫీల్డ్‌వర్క్ ఖర్చు లెక్కేసుకోండి

మీరు మూడు విషయాలు అడిగారు. ఒంగోలులో బీకాం చేసినవాళ్ళు ఎంఎస్‌డబ్ల్యూకి, అంటే సోషల్ వర్క్ పీజీకి వెళ్ళొచ్చా? పొదిలి నుంచి నెల్లూరుకి రోజూ వెళ్ళి రావడం కుదురుతుందా? నాన్న చీమకుర్తి క్వారీలో పనిచేసే ఇంట్లో ఈ చదువుకి డబ్బు ఎలా సర్దుకోవాలి? నాది కనిగిరి దగ్గర పల్లె. 2021లో పీజీసెట్ (రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష) రాసి, నెల్లూరులో హాస్టల్లో ఉండి ఎంఎస్‌డబ్ల్యూ పూర్తిచేశాను. ఇప్పుడు కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తాను, ఎందుకంటే అప్పట్లో ఇవి చెప్పేవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరూ లేరు.

బీకాం అడ్డు కాదు. ఏ డిగ్రీ ఉన్నా ఎంఎస్‌డబ్ల్యూ చేయొచ్చు. నాది బీఎస్సీ. మా క్లాసులో బీఏ వాళ్ళు ఎక్కువమంది, బీకాం వాళ్ళు నలుగురు, బీటెక్ చేసి వచ్చిన అబ్బాయి కూడా ఒకడున్నాడు. మన రాష్ట్రంలోని యూనివర్సిటీలకైతే ఏపీ పీజీసెట్ రాయాలి. ఎంఎస్‌డబ్ల్యూకని విడిగా పేపరు ఉండదు, హ్యుమానిటీస్ అండ్ సోషల్ సైన్సెస్ పేపరు రాస్తే సరిపోతుంది. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. తప్పు రాస్తే మార్కులు కోయరు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి. నేను రాసినప్పుడు దరఖాస్తు ఫీజు ఓసీలకు 850, బీసీలకు 750, ఎస్సీ ఎస్టీలకు 650 రూపాయలు. ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్‌కి మళ్ళీ వేరే కట్టాలి. ఆ డబ్బు కూడా పక్కన పెట్టుకోండి.

కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో నెల్లూరు దగ్గర కాకుటూరులో ఉన్న విక్రమ సింహపురి యూనివర్సిటీని తప్పకుండా పెట్టుకోండి. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో కూడా ఈ కోర్సు ఉంది. రాష్ట్రం దాటి వెళ్ళే ధైర్యం ఉంటే సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ కూడా రాయండి. పాండిచ్చేరి యూనివర్సిటీ, తిరువారూరులోని తమిళనాడు సెంట్రల్ యూనివర్సిటీ మనకి మరీ దూరం కాదు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఈ చదువుకి దేశంలోనే పాత బడి, 1936లో పెట్టారు. ఇప్పుడు దానికీ సీయూఈటీ రాయాల్సిందే. ఇక్కడ మాత్రం తప్పుకి మార్కు పోతుంది: సరైన జవాబుకి 4 వస్తాయి, తప్పుకి 1 కోస్తారు. ఈ పరీక్షకి దరఖాస్తులు చలికాలంలోనే, డిసెంబరు, జనవరి ప్రాంతంలో మొదలవుతాయి. పీజీసెట్ వేసవిలో కదా అని కూర్చుంటే ఇది దాటిపోతుంది. నా స్నేహితురాలికి అలాగే దాటిపోయింది.

ఇంటర్వ్యూ గురించి ఒక మాట. వేరే రాష్ట్రంలో ఒక కాలేజీకి నేను ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఎందుకు ఈ కోర్సు అని అడిగితే, సమాజానికి సేవ చేయాలని ఉంది అన్నాను. ముందు కూర్చున్న మేడం నవ్వకుండానే, "మీ ఊళ్ళో ఏం చూశారో చెప్పండి" అన్నారు. అప్పుడు మా ఊరి నీళ్ళ గురించి చెప్పాను. కనిగిరి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. మా చిన్నాన్న పిల్లల పళ్ళ మీద పసుపు గారలు, మా నాయనమ్మ నడుము వంగిపోయి లేవలేకపోవడం, వికలాంగుల పింఛను కోసం ఆమెని ఆటోలో ఎక్కించుకుని మండల ఆఫీసుకి ఎన్నిసార్లు తిప్పామో, అన్నీ చెప్పాను. పావుగంట మాట్లాడించారు. సీటు వచ్చింది. కాబట్టి మీరు ఇంటర్వ్యూకి వెళ్తే పుస్తకాల్లో నిర్వచనాలు బట్టీ పట్టకండి. మీ నాన్నగారి క్వారీలో రాతిదుమ్ము గురించి, దెబ్బ తగిలితే కూలీకి ఏం దొరుకుతుందో, ఏం దొరకదో దాని గురించి మీకు తెలిసింది ఎవరికీ తెలియదు. అది చెప్పండి.

ఆ సీటులో నేను చేరలేదు. రెండేళ్ళకి ఫీజు, హాస్టలు కలిపి రెండు లక్షలు దాటుతోంది. మా నాన్న పొగాకు రైతు. ఆకు కాల్చే బ్యారన్ కూడా కౌలుకి తీసుకున్నదే. వేలం డబ్బులు వచ్చే నెలలకీ, ఫీజు కట్టమనే నెలలకీ పొంతనే కుదరలేదు. ఒక బ్యాంకులో చదువు రుణం అడిగితే, ఈ కోర్సుకి ఇవ్వం అని నోటిమాటతో పంపించేశారు. ఇప్పుడు తెలిసింది అప్పుడు తెలిసుంటే అలా తిరిగి వచ్చేదాన్ని కాదు. బ్యాంకుల సంఘం పెట్టిన నమూనా పథకంలో ఏడున్నర లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగకూడదు, నాలుగు లక్షల లోపైతే మన వాటా డబ్బు కూడా చూపించక్కర్లేదు. తల్లో తండ్రో కలిసి సంతకం పెడితే చాలు. విద్యాలక్ష్మి పోర్టల్లో దరఖాస్తు పెడితే దానికి నంబరు వస్తుంది, కాదంటే కారణం అడగడానికి మన చేతిలో ఆధారం ఉంటుంది. నోటితో అడిగితే నోటితోనే పంపించేస్తారు.

అయినా మీకు పెద్ద రుణం వద్దనే చెబుతాను. కోర్సు అయ్యాక ఒక ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు, నిజమే. కానీ ఈ చదువుతో వచ్చే మొదటి ఉద్యోగం చాలామందికి కాంట్రాక్టుదే. నాకు మొదటి జీతం 14 వేలు. అందులో గది అద్దె, తిండి పోగా నాలుగు లక్షల అప్పుకి వాయిదా కట్టమంటే ఎక్కడినుంచి తెచ్చేదాన్ని? సెంట్రల్ యూనివర్సిటీలోనో, టాటాలోనో సీటు వస్తే రుణం గురించి ఆలోచించండి. ఊరూ పేరూ వినని ప్రైవేటు కాలేజీ కోసం మాత్రం వద్దు.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువమంది మోసపోతున్నారు. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రకారం ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్ళకి రీయింబర్స్‌మెంట్ ఆపేశారు. యూనివర్సిటీల్లో, ప్రభుత్వ కాలేజీల్లో చదివేవాళ్ళకి ఆపలేదు. మా ఊరి అమ్మాయి ఒకామె ఒక ప్రైవేటు కాలేజీలో చేరింది. అన్నీ ప్రభుత్వమే కడుతుందని చేర్చుకున్నారు. రెండో ఏడాది పరీక్షల ముందు మొత్తం కట్టమన్నారు. వాళ్ళమ్మ గొలుసు బ్యాంకులో పెట్టి హాల్‌టికెట్ తెచ్చుకుంది. అందుకే చేరే రోజునే ఆఫీసులో అడగండి: ఈ ఏడాది, ఈ కోర్సుకి, నా సీటుకి రీయింబర్స్‌మెంట్ వస్తుందా అని. వస్తుందంటే కాగితం మీద రాసిమ్మనండి. స్పాట్ అడ్మిషన్లో (మిగిలిపోయిన సీట్లలో నేరుగా) చేరినా రాదు. కన్వీనర్ కోటాలో, కౌన్సెలింగ్ ద్వారానే చేరాలి. హాజరు 75 శాతం తగ్గకూడదు. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి, భూమి ఉంటే మాగాణి పదెకరాలు, మెట్ట పాతికెకరాలు దాటకూడదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా డబ్బు అనుకున్న నెలలో రాదు. నాకు ఒక విడత తర్వాతి సెమిస్టరులో పడింది. నేను చదివినప్పుడు హాస్టల్, తిండి ఖర్చుకి ప్రభుత్వం ఇచ్చే వసతి దీవెన కింద ఏడాదికి 20 వేలు రెండు విడతల్లో అమ్మ ఖాతాలో వేసేవారు. హాస్టల్ మెస్ మాత్రం నెలనెలా కట్టాలి. ఆ మధ్య నెలల్ని దాటించింది మా అమ్మ పొదుపు సంఘమే. సంఘంలో 40 వేలు తెచ్చి, నెలకింత అని తనే తీర్చింది. అమ్మ సంఘం సంగతి నాకు క్లాసులో మళ్ళీ గుర్తొచ్చింది. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్ళు అక్షరాస్యత తరగతుల్లో చదువుకుని సారా దుకాణం మూయించడం, ఆ ఉద్యమం నెల్లూరు జిల్లా అంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్ళడం, ఆ ఆడవాళ్ళే తర్వాత రోజుకి రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టడం మా సార్ చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ రూపాయి నుంచి పెరిగిన సంఘాల డబ్బుతోనే కదా నేను ఆ బెంచీ మీద కూర్చున్నాను. మీ అమ్మగారు సంఘంలో ఉంటే ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. బయట మూడు రూపాయల వడ్డీకి తేవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. నన్ను ఇబ్బంది పెట్టింది ఫీజు కాదు, ఫీల్డ్‌వర్క్. వారానికి రెండు రోజులు కాలేజీలో ఉండం. ఆసుపత్రికో, బాలల సంరక్షణ యూనిట్‌కో, ఏదో ఒక కాలనీకో వెళ్ళాలి. సాయంత్రం వచ్చి ఏం చూశామో, ఎవరితో మాట్లాడామో, మనం ఏం చేశామో రిపోర్టు రాయాలి. దాన్ని సూపర్‌వైజర్ చదివి ప్రశ్నలు వేస్తారు. నన్ను మొదటి ఏడాది వెంకటాచలం వైపు ఒక యానాది కాలనీకి వేశారు. రెండు నెలలు నన్నెవరూ నమ్మలేదు. ఒక తాతకి ఆధార్‌లో పేరు తప్పు, అందుకే రేషన్ కార్డు లేదు, పింఛను లేదు. ఆ ఒక్క పేరు దిద్దించడానికి ఆయనతో నాలుగుసార్లు తిరిగాను. ఛార్జీలు ఇద్దరివీ నేనే పెట్టుకున్నాను, ఆయన్ని ఎలా అడుగుతాను? ఆటోలు, బస్సులు, జిరాక్సులు, రిపోర్టు బైండింగు, పది రోజుల గ్రామీణ క్యాంపు, ఆఖర్లో నెల రోజుల బ్లాక్ ప్లేస్‌మెంట్‌కి (ఒకే సంస్థలో ఉండి పని నేర్చుకోవడానికి) వేరే ఊళ్ళో గది, అన్నీ కలిపితే రెండేళ్ళలో నాకు 30 వేలు దాటింది. ఈ డబ్బు ఏ స్కాలర్‌షిప్‌లోనూ రాదు, ప్రాస్పెక్టస్‌లో కూడా కనిపించదు. మీకొక మేలు ఏమిటంటే 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ డబ్బు లేదు. నా కాలంలో అది ఉంటే ఆ ఖర్చులో సగం మిగిలేది. అయినా నెలకి వెయ్యి రూపాయలు ఫీల్డ్‌వర్క్ పేరున విడిగా పెట్టుకోండి.

రోజూ వెళ్ళి రావడం గురించి అడిగారు. వద్దు. పొదిలి నుంచి ఒంగోలు రావాలి, అక్కడినుంచి నెల్లూరు వంద కిలోమీటర్లు దాటి ఉంటుంది. క్లాసులకైతే ఎలాగో తంటాలు పడొచ్చు. ఫీల్డ్‌వర్క్ రోజు మాత్రం కాలనీలో కూలికి వెళ్ళినవాళ్ళు ఇంటికొచ్చేదే సాయంత్రం ఆరింటికి. మనం నాలుగింటికి బస్సు పట్టుకోవాలని లేచిపోతే ఇక ఎవరితో మాట్లాడతాం? మా బ్యాచ్‌లో రోజూ గూడూరు నుంచి వచ్చే అబ్బాయి కూడా రెండో సెమిస్టరుకి హాస్టల్లో చేరిపోయాడు.

ఇంట్లో చదివి ఇగ్నోలో దూరవిద్యగా చేస్తే చవక కదా అంటారు కొందరు. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళకి అది మంచిదే, దానిలో కూడా ఫీల్డ్‌వర్క్ ఉంది. కానీ మీ వయసులో, ఏ అనుభవం లేకుండా, పక్కన తప్పు దిద్దే సూపర్‌వైజర్ లేకుండా ఈ పని నేర్చుకోవడం కష్టం. పైగా దూరవిద్యకి రీయింబర్స్‌మెంట్ రాదు.

స్పెషలైజేషన్ గురించి ఇప్పుడే టెన్షన్ పడకండి. బీకాం కాబట్టి అందరూ హెచ్ఆర్ తీసుకోమంటారు. 500 మంది, అంతకుమించి పనివాళ్ళున్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది, కృష్ణపట్నం, శ్రీసిటీ వైపు అలాంటి ఉద్యోగాలు దొరుకుతాయి కూడా. కానీ ఏది తీసుకోవాలో ఒక ఏడాది ఫీల్డ్‌లో తిరిగాక మీకే తెలుస్తుంది.

చివరిగా, ఈ నెలలోనే చేయాల్సిన పని ఒకటుంది. సచివాలయంలో కుల, ఆదాయ ధ్రువపత్రాలకి దరఖాస్తు పెట్టండి. మీ పేరు, అమ్మగారి పేరు పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, బియ్యం కార్డులో ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. అమ్మగారి బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు అయిందో లేదో బ్యాంకులో అడగండి. ఇంటర్ నుంచి స్టడీ సర్టిఫికెట్లు, డిగ్రీ ప్రొవిజనల్, టీసీ ఒక్కోదానికి మూడు జిరాక్సులు తీసి ఒక ఫైల్లో పెట్టుకోండి. మీ డిగ్రీ వేరే యూనివర్సిటీది కాబట్టి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి, దానికి రోజులు పడతాయి. నాకు ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉండి మొదటి విడత మూడు నెలలు ఆగింది. కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టే ముందు మీ ర్యాంకు ఇక్కడ రాయండి, ఏ కాలేజీ ముందు పెట్టాలో కలిసి చూద్దాం.