పెట్టుబడి చీర వద్దు, ఆమెనే కొట్టుకు తీసుకెళ్లండి

సంక్రాంతికి ఇంట్లో పనిచేసే ఆవిడకు చీర పెట్టాలా, డబ్బు ఇవ్వాలా, ఏది ఇస్తే ప్రేమగా ఇచ్చినట్టు అని అడిగారు. చీరే పెట్టండి. అయితే ఆమె ఎంచుకున్న చీర పెట్టండి.

మాది రాజమండ్రి. పండుగ బట్టలకు మా అమ్మ తాడితోట కొట్లకు వెళ్లేది. నేను హైస్కూల్లో ఉండగా ఒక సంక్రాంతికి మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడను కూడా వెంటబెట్టుకుని వెళ్లింది. కొట్లో కుర్రాడు ఆవిడను ఎగాదిగా చూసి, "పెట్టుబడికా అమ్మా, కట్టుకోవడానికా?" అని అమ్మను అడిగాడు. జవాబు వినకుండానే పక్క కుప్పలోంచి పాలియెస్టరు చీరలు లాగడం మొదలుపెట్టాడు. "కట్టుకోవడానికే. ఆమెకు చూపించు" అంది అమ్మ.

ఆవిడ పరుపు మీద కూర్చోవడానికే మొహమాటపడింది. "తడిపనిలో పాలియెస్టరు ఒంటికి అంటుకుపోతుంది అమ్మగారూ, నూలుదైతే చాలు" అంది మెల్లగా. చిలకపచ్చ చీర ఒకటి తీసి, అంచును వేళ్ల మధ్య నలిపి చూసి, భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడింది. ధర చూడబోతే అమ్మ చీటీ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

పెట్టుబడి చీరల సంగతి మనందరికీ తెలిసిందే. ఈ ఇంటివాళ్లు ఆ ఇంటికి, ఆ ఇంటివాళ్లు మరో ఇంటికి పెడతారు, ఎవరూ మడత విప్పరు. దీపావళికి చేతులు మారే డ్రైఫ్రూట్స్ పెట్టెలూ అంతే. అవి కొనే డబ్బుతో ఒక్కరికైనా పనికొచ్చే వస్తువు ఇవ్వకూడదా? ధనుర్మాసంలో హరిదాసు నెత్తిమీద అక్షయపాత్ర పెట్టుకుని వస్తాడు. మనం పోసింది గుప్పెడో మానెడో తొంగి చూడడు. అలాంటి మనిషికి పోసేటప్పుడు కూడా నూకలు వెతికేవాళ్లను చూశాను, ఒళ్లు మండిపోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. భోగి నాడు ఉదయం చీర చేతిలో పెడితే ఆమె పండుగకు ఏం కట్టుకుంటుంది? జాకెట్టు కుట్టించుకోవాలి, ఫాల్ వేయించుకోవాలి. జనవరి వచ్చాక ఏ దర్జీ కొత్త గుడ్డ పట్టుకోడు. అందుకే మా అమ్మ డిసెంబరులోనే చీర కొనిచ్చి, కుట్టుకూలి కూడా దానితోపాటే ఇచ్చేది.

డబ్బు ఇస్తే తప్పని అనను. పిల్లల ఫీజు కట్టాల్సి ఉంటే ఆమెకు డబ్బే కావాలి, అడిగితే చెబుతుంది. ఇవ్వగలిగితే రెండూ ఇవ్వండి. ఆ తర్వాత కనుమకు ఊరెళ్లిందని నెల జీతంలో రెండు రోజులు కోయకండి.