ప్రొఫైల్‌లో రాసిన రీసెర్చ్ ఏరియాలు చూసి గైడ్‌ని ఎంచుకోవచ్చా? – సమాధానం

ఒక్కో ప్రొఫెసర్ పేరు కింద ఏడెనిమిది ఏరియాలు రాసున్నాయి, పీహెచ్‌డీకి ఎవర్ని అడగాలో తేలట్లేదు అన్నారు కదా. ఆ లిస్టుని పట్టుకుని డిసైడ్ అయిపోకండి, చాలాసార్లు అది ఉద్యోగంలో చేరినప్పుడు రాసిచ్చిందే అలా ఉండిపోతుంది. గూగుల్ స్కాలర్‌లో (రీసెర్చ్ పేపర్లు వెతికే గూగుల్ సైట్) వాళ్ల ప్రొఫైల్ తెరిచి సంవత్సరం కాలమ్ మీద నొక్కండి, కొత్త పేపర్లు పైకొస్తాయి, లేకపోతే సైటేషన్లు (వేరే పేపర్లలో ఆ పేపర్‌ని ప్రస్తావించిన సార్లు) ఎక్కువున్న పాతవే ముందు కనిపించి ఇప్పటికీ అదే పని చేస్తున్నారేమో అనిపిస్తుంది. గత మూడు నాలుగేళ్లవి చూస్తే చాలు.

ఆ పని నడిపింది వాళ్లేనా అని తెలియడానికి పేపర్ మీద రచయితల వరస కూడా చూడండి. బయాలజీ, కెమిస్ట్రీ లాంటి ల్యాబ్ సబ్జెక్టుల్లో మామూలుగా ఎక్కువ పని చేసిన స్టూడెంట్ పేరు మొదట, ల్యాబ్ హెడ్ పేరు చివర ఉంటుంది, మేథ్స్‌లో మాత్రం ఎక్కువగా అక్షర క్రమమే, అక్కడ ఈ లెక్క పనికిరాదు. ఒకే పేరుతో ఇద్దరుంటే ఆర్కిడ్ (ORCID) ఐడీ చూడండి, అది రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే గుర్తింపు నంబరు, 16 అంకెలు, ఒక్కొక్కరికి ఒక్కటే.

తర్వాత ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకుని, ఒక్కొక్కరిది కనీసం ఒక కొత్త పేపర్ పూర్తిగా చదివి, అందులో మీకు నిజంగా వచ్చిన డౌటే మెయిల్‌లో రాయండి, ఈ ఏడాది స్టూడెంట్లని తీసుకుంటున్నారా అని కూడా సూటిగా అడగండి. అందరికీ ఒకే మెయిల్ మాత్రం దయచేసి పంపొద్దు, చదవగానే తెలిసిపోతుంది.