జత కట్టించే ముందు స్కానింగ్ చేయించు, బుజ్జీ

బుజ్జీ,

నువ్వు రెండు పర్షియన్ పిల్లుల్ని కొని, ఇంట్లోనే బ్రీడింగ్ మొదలుపెడతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "అక్కా, నువ్వైనా దానికి నచ్చజెప్పు" అని బతిమాలింది. నాకు మాత్రం సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్లి ఎదురొస్తే ఇంట్లోకి తిరిగొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరే అమ్మమ్మ కడుపున పుట్టాను నేను. నా తర్వాత మన ఇంట్లో ఈ పని చేస్తానన్నది నువ్వే.

అయితే నెలకి ఎంత మిగులుతుందో లెక్కలు కూడా వేశావట. ఆ లెక్కలో డాక్టర్ ఖర్చు రాశావా? అర్ధరాత్రి ఆపరేషన్ చేసి పిల్లల్ని తీయాల్సి వస్తే కట్టే డబ్బు? పిల్లలు పుట్టాక కనీసం రెండు వారాలు నువ్వు ఆఫీసుకి పోలేవు, ఆ జీతం? ఇవేవీ లేకపోతే ఆ కాగితం చింపేసి మళ్ళీ రాయి. మొదటి రెండు మూడేళ్ళు చేతి నుంచి పడుతుంది. తట్టుకోగలనంటేనే దిగు.

పంచ్ ఫేస్ పిల్లలకే గిరాకీ అని అదే కావాలన్నావట. వద్దు తల్లీ. ముక్కు అంతగా నొక్కుకుపోయిన పిల్లికి ఊపిరి సరిగా ఆడదు, కళ్ళు ఎప్పుడూ కారుతుంటాయి, డెలివరీ అప్పుడు గుండ్రటి పెద్ద తల అడ్డుపడుతుంది. నువ్వుండేది విజయవాడలో. మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే ఆ ముక్కుతో, ఆ బొచ్చుతో అది ఏమైపోతుందో ఆలోచించు. డాల్ ఫేస్ చాలు. ముక్కు కాస్త పొడుగ్గా ఉన్నదాన్నే చూసుకో. వంశం వివరాల సర్టిఫికెట్ ఉంటే మంచిదే, కానీ దాన్ని ఫ్రేము కట్టించుకోవడానికి కాదు. తల్లి ఎవరో, తాత ఎవరో తెలిస్తే ఏ జబ్బులు వెంట వస్తున్నాయో అడగడానికి దారి ఉంటుంది.

మగపిల్లిని ఆ రెండు గదుల ఫ్లాట్‌లో పెట్టుకోకు. ఎదిగాక సోఫాకీ, కర్టెన్లకీ, మీ ఆయన ల్యాప్‌టాప్ బ్యాగుకీ మూత్రం చిమ్ముతుంది. ఆ వాసన ఎంత కడిగినా పోదు. ఆడపిల్లితో మొదలుపెట్టి, హీట్‌కి, అంటే ఎదకి, వచ్చినప్పుడు మంచి మగపిల్లి దగ్గరికి తీసుకెళ్ళు. ఏడాది నిండకుండా మాత్రం తీసుకెళ్ళకు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోకు.

మా రాజాని నువ్వు చిన్నప్పుడు చూశావు, గుర్తుందా? తెల్లటి బొచ్చు, రాగిరంగు కళ్ళు. వేసవి సెలవులకి సైనిక్‌పురి వచ్చినప్పుడల్లా వాణ్ణి ఎత్తుకుని తిరిగేదానివి. మీ పెదనాన్న బెంగళూరు నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు వాణ్ణి. మాకు తెలిసిన డాక్టర్ గారు అప్పుడే చెప్పారు, "పర్షియన్లలో కిడ్నీ జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది, జత కట్టించే ముందు స్కానింగ్ చేయించండి" అని. రాజా చక్కగా తింటున్నాడు, ఇల్లంతా దూకుతున్నాడు. ఇంత ఆరోగ్యంగా ఉన్నవాడికి స్కానింగ్ ఎందుకు, కడుపు మీద బొచ్చంతా గొరిగేస్తారు అన్నారు మీ పెదనాన్న. నాకూ ఆ బొచ్చే ముద్దనిపించింది. వాడికి పిల్లలు పుట్టారు. వాళ్ళకి మేం పెట్టిన పేర్లు నాకింకా గుర్తున్నాయి. హైదరాబాద్, నెల్లూరు, రాజమండ్రి, ఎక్కడెక్కడికో వెళ్ళారు.

కొన్నేళ్ళు ఏమీ తెలియలేదు. ఆ జబ్బు గుణమే అది. కిడ్నీల్లో నీటి తిత్తులు పుట్టుకతోనే ఉంటాయి, కానీ అవి పెరిగి కిడ్నీని తినేసరికి చాలా పిల్లులకి ఏడేళ్ళు దాటతాయి. ఒకరోజు నెల్లూరు నుంచి ఒక టీచర్ గారు ఫోన్ చేశారు. "అమ్మా, మావాడు గిన్నెలకి గిన్నెలు నీళ్ళు తాగేస్తున్నాడు, చిక్కిపోతున్నాడు, ఇది మామూలేనా?" అని. నేను ఎండలకేమో అన్నాను. నెల తిరక్కుండా వాడు పోయాడు. ఆ తర్వాత ఇంకొకరు ఫోన్ చేశారు. అప్పుడు రాజాకి స్కానింగ్ చేయించాం. రెండు కిడ్నీల నిండా నల్లటి బుడగలే. డాక్టర్ గారు ఒక్కమాట కూడా అనలేదు, స్క్రీన్ మా వైపు తిప్పారు అంతే.

దీని లెక్క విను. ఈ కిడ్నీ జబ్బుని పీకేడీ (పాలిసిస్టిక్ కిడ్నీ డిసీజ్) అంటారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నా, పుట్టే ప్రతి పిల్లకీ సగానికి సగం అవకాశం. జన్యువు రెండు వైపుల నుంచీ వస్తే ఆ పిల్ల కడుపులోనే పోతుంది. అంటే మనకి కనిపించే జబ్బు పిల్లికి ఒక మంచి జన్యువు కూడా ఉంటుంది, కాబట్టి పరీక్ష చేసి, లేనివాటినే జత కట్టిస్తే ఒక్క తరంలో ఆ ఇంటి నుంచి ఆ జబ్బు వెళ్ళిపోతుంది. ఇంత సులువుగా ఆగే జబ్బు అది! ఆ జన్యువుని 2004లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో కనిపెట్టారు. ఇప్పుడు చెంప లోపల పుల్లతో రుద్ది ల్యాబ్‌కి పంపితే చాలు, బొచ్చు గొరగక్కర్లేదు. స్కానింగ్ అయితే పది నెలలు నిండాక చేయిస్తే దాదాపు కచ్చితంగా తెలుస్తుంది. నువ్వు రెండూ చేయించు. నీ పిల్లికి ఒక్కదానికే కాదు, మగపిల్లి వాళ్ళ రిపోర్టు చేతికి రానిదే గడప దాటకు. "మావాడు బాగానే ఉన్నాడు" అని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయి.

పిల్లల్ని తీసుకున్నవాళ్ళ పేర్లు, నంబర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్ళం. మీ పెదనాన్న ఆ ముందు గదిలో కూర్చుని ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసి చెప్పారు. కొందరు తిట్టారు. ఒకావిడ ఏడ్చింది. రాజమండ్రి ఆయన మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి, రోజూ ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కిస్తూ తన పిల్లిని చాన్నాళ్ళు కాపాడుకున్నారు. ముందే తెలిస్తే అలాంటి రోజులు దక్కుతాయి. రాజాకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి జత కట్టించడం మానేశాం. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ బీరువాలో ఉంది. మీ పెదనాన్న పోయాక కూడా ఆ నంబర్ల వాళ్ళు పండక్కి ఫోన్ చేస్తుంటారు. నువ్వూ ఒక నోట్‌బుక్ పెట్టు. ఫోన్‌లో కాదు, కాగితం మీద.

మిగతావి నీకు తెలిసినవే, అయినా చెప్తున్నా. మీ ఇంట్లో గుడ్డు కూడా రాదని తెలుసు. కానీ పిల్లికి పెరుగన్నం పెట్టి పెంచుతానంటే ఊరుకోను. మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం అందకపోతే పిల్లి గుండె దెబ్బతింటుంది, చూపు పోతుంది, కడుపులో పిల్లలు నిలవరు. అత్తగారు ఒప్పుకోకపోతే మంచి కంపెనీ క్యాట్ ఫుడ్ డబ్బాలు పెట్టు. జ్వరం వచ్చిందని పారాసెటమాల్ వేయకు, ఒక్క మాత్ర చంపేస్తుంది. కుక్కలకి పేలు పోవడానికి వేసే చుక్కల మందు అసలు తాకనివ్వకు. కొత్త పిల్లి ఏది వచ్చినా రెండు వారాలు వేరే గదిలోనే ఉంచు. టీకాలు పిల్లలకి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, పదహారు వారాల దాకా డాక్టర్ చెప్పినట్టు వేయించు.

డెలివరీ గురించి భయపడకు, నేను కంగారుపడే దాన్ని గనక చెప్తున్నా. తొమ్మిది వారాలు దాటాక ఏ రోజైనా కావచ్చు. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే ఇంకేం ఆలోచించకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తు. మా పిల్లి మొదటి కాన్పు రోజు కరెంటు పోతే మీ పెదనాన్న టార్చి పట్టుకుని తెల్లారేదాకా నిలబడ్డారు. కూర్చోమంటే "నేను కదిలితే అది భయపడుతుంది" అన్నారు. మూడో రోజు అది పిల్లల్ని తీసుకెళ్ళి దేవుడి గదిలో పెట్టింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని ఊరికే అనలేదు పెద్దలు. అమ్మమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. అరుస్తుందనుకున్నాను. "బాలింత, పోనీలే" అని తన పాత చీర మడిచి వాటి కింద వేసింది.

కిచెన్ తూకం ఒకటి కొనుక్కో. పుట్టినప్పుడు పిల్ల వంద గ్రాములు అటూ ఇటూ ఉంటుంది, రోజుకి పది పదిహేను గ్రాములు పెరగాలి. ఒక రోజు పెరగలేదంటే కనిపెట్టుకుని ఉండు, తగ్గిందంటే నాకు ఫోన్ చేయి. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

పన్నెండు వారాలు నిండకుండా ఎవరికీ ఇవ్వకు. ఆరు వారాలకే ఇమ్మని ఒత్తిడి చేస్తారు, డబ్బు ఎక్కువిస్తామంటారు. తల్లి దగ్గర ఇంకా నేర్చుకోవాల్సినవి ఉంటాయి దానికి. తీసుకునేవాళ్ళ ఇంటికి వెళ్ళి బాల్కనీకి నెట్ ఉందో లేదో కళ్ళతో చూసి రా. మొహమాటపడకు.

ఇంకా పిల్లిని కొనలేదని మీ అమ్మ అంది. అయితే డబ్బు కట్టకముందే తల్లిదండ్రుల రిపోర్టులు అడిగి, ఫోటోలు నాకు వాట్సాప్‌లో పంపు. నేను చూసి సరే అన్నాకే కట్టు. మొదటి కాన్పుకి తేదీ లెక్కేసి చెప్తే వారం ముందే వచ్చేస్తాను. నాకు కింద బెర్త్ దొరకాలి కాబట్టి ముందుగా చెప్పు. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

నీ పెద్దమ్మ